పాయింటర్ వార్నింగ్‌కి క్యాస్ట్ మందు కాదు: జీసీసీ 14 దగ్గర ఆగిపోయిన పాత సీ కోడ్ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తప్పుగా పట్టుకుంటే సరిదిద్దండి. గాజువాకలో ఒక చిన్న కంపెనీలో చేరి మీకు ఆరు నెలలైంది. పదేళ్ల కిందట ఎవరో రాసిన సీ కోడ్ మీ చేతికొచ్చింది. పాత సర్వర్ మీద అది వార్నింగ్‌లు కురిపిస్తూనే బిల్డ్ అయిపోయేది. డెబియన్ 13 అనే లైనక్స్ వెర్షన్‌కి మారాక అదే కోడ్‌ని జీసీసీ 14 అనే సీ కంపైలర్ సుమారు 40 చోట్ల ఎర్రర్ అంటూ ఆపేస్తోంది. మీ లీడ్ గారు "క్యాస్ట్ పెట్టేయ్, పోతుంది" అన్నారు, అంటే ముందు బ్రాకెట్లలో టైపు పేరు రాసి, ఆ టైపుగా మార్చుకోమని కంపైలర్‌కి చెప్పడం. పక్క సీట్లో సీనియర్ గారు "ఎఫ్-పర్మిసివ్ ఆప్షన్ ఇచ్చేయ్, మళ్లీ వార్నింగ్ అయిపోతుంది" అన్నారు. మీ సందేహం ఏమిటంటే, నిన్నటిదాకా వచ్చింది వార్నింగే కాబట్టి సీ స్టాండర్డ్ (భాష అధికారిక నియమాలు) ప్రకారం ఆ కోడ్ సరైనదే అయ్యుండాలి కదా, మరి కంపైలర్ ఇవాళ మాట ఎందుకు మార్చింది అని.

ఆ కోడ్ నిన్న కూడా తప్పే. కంపైలర్‌కి అప్పుడూ తెలుసు, అప్పుడూ చెప్పింది. ఇప్పుడు చెప్పి ఊరుకోకుండా ఆపుతోంది, అంతే తేడా. మీకు వచ్చిన రెండు సలహాల్లో ఎఫ్-పర్మిసివ్ ఒకటి రెండు వారాల ఊరటకు పనికొస్తుంది. క్యాస్ట్ సలహా మాత్రం కళ్లు మూసుకుని పాటించకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పని నేను చేశాను, దాని ఫలితం కూడా నేనే చూశాను. ఆ కథ కాసేపట్లో చెప్తాను.

ముందు స్టాండర్డ్ సంగతి. ఫలానా తప్పుకి వార్నింగ్ ఇవ్వాలి, ఫలానా తప్పుకి ఎర్రర్ ఇవ్వాలి అని సీ స్టాండర్డ్ విడదీసి చెప్పదు. అక్కడ వాడిన మాట డయాగ్నొస్టిక్. సింటాక్స్ తప్పినా, "కన్‌స్ట్రెయింట్" అనే శీర్షిక కింద రాసిన నియమం తప్పినా, కంపైలర్ కనీసం ఒక్క డయాగ్నొస్టిక్ మెసేజ్ ఇచ్చి తీరాలి. సీ17 స్టాండర్డ్‌లో 5.1.1.3 విభాగం చెప్పేది ఇదే. మెసేజ్ ఇచ్చాక బిల్డ్ ఆపాలా, ముందుకు పోవాలా అన్నది కంపైలర్ ఇష్టం. కాబట్టి జీసీసీ పాత వెర్షన్లు వార్నింగ్ ఇచ్చి ఊరుకున్నా స్టాండర్డ్‌ని పాటించినట్టే, కొత్త వెర్షన్ ఎర్రర్ ఇచ్చి ఆపినా పాటించినట్టే.

అసలు చిక్కు ఏమిటంటే, వాడని వేరియబుల్ ఉందని చెప్పే మెసేజ్ పైనా "వార్నింగ్" అనే ఉంటుంది, స్టాండర్డ్ నియమం తప్పావని చెప్పే మెసేజ్ పైనా "వార్నింగ్" అనే ఉంటుంది. మొదటిది కంపైలర్ తనంతట తాను ఇచ్చే సలహా. రెండోది చెప్పి తీరాల్సిన మాట. తెర మీద రెండూ ఒకే రంగులో కనపడతాయి కాబట్టి మన కంటికి రెండూ ఒకటే అయిపోతాయి. విడదీసి చూడాలంటే పెడాంటిక్-ఎర్రర్స్ ఆప్షన్ ఇవ్వండి. స్టాండర్డ్ తప్పనిసరి చేసిన డయాగ్నొస్టిక్‌లు ఎర్రర్లుగా మారతాయి, సలహాలు వార్నింగ్‌లుగానే మిగులుతాయి.

పాయింటర్ల (మెమరీ అడ్రస్‌ని దాచే వేరియబుల్స్) కన్‌స్ట్రెయింట్ అసైన్‌మెంట్ (ఒక విలువని వేరియబుల్‌లో పెట్టడం) దగ్గర ఉంటుంది. ప్రోటోటైప్ (ఆర్గ్యుమెంట్ల టైపులు ముందే చెప్పే డిక్లరేషన్) ఉన్న ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్ పంపడం, ఫంక్షన్ నుంచి రిటర్న్ చేయడం కూడా అసైన్‌మెంట్ కిందకే వస్తాయి కాబట్టి అక్కడా ఇదే నియమం. రెండు పాయింటర్లు చూపే టైపులు కంపాటిబుల్ అయ్యుండాలి, పైగా కుడివైపు కాన్స్ట్ (దీని మీద రాయకూడదు అన్న గుర్తు) లాంటి క్వాలిఫయర్ ఉంటే ఎడమవైపు కూడా ఉండాలి. వాయిడ్ * (ఏ టైపో చెప్పని అడ్రస్) ఒక పక్క ఉంటే టైపుల సంగతి పట్టించుకోరు, క్వాలిఫయర్ల సంగతి మాత్రం అప్పుడూ చూస్తారు. కుడివైపు నల్ ఉంటే ఏ పాయింటర్‌లోకైనా వెళ్తుంది. అంతే. "సైజు ఒకటే కదా" అన్న వాదనకి అక్కడ చోటు లేదు. ఇంట్, లాంగ్ రెండూ 4 బైట్లే ఉండే మెషీన్ మీద కూడా ఇంట్ *, లాంగ్ * వేర్వేరు టైపులే.

ఇక్కడ మీరు సొంతంగా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక ఫైల్‌లో మూడు లైన్లు రాయండి. మొదటిదాంట్లో ఇంట్ * ని లాంగ్ * లో పెట్టండి. రెండోదాంట్లో కాన్స్ట్ చార్ * ని మామూలు చార్ * లో పెట్టండి. మూడోదాంట్లో అన్‌సైన్డ్ చార్ * ని చార్ * లో పెట్టండి. ఏ ఆప్షనూ ఇవ్వకుండా జీసీసీ 14తో కంపైల్ చేస్తే మొదటిదానికి ఎర్రర్ వస్తుంది, రెండోదానికి వార్నింగ్ వస్తుంది, మూడోదానికి కంపైలర్ నోరే మెదపదు. స్టాండర్డ్ లెక్కలో మూడూ ఒకే కన్‌స్ట్రెయింట్‌ని తప్పిన లైన్లు! డబ్ల్యూ-ఆల్ గానీ పెడాంటిక్ గానీ ఇస్తేనే ఆ మూడోది బయటపడుతుంది. అంటే ఉత్త జీసీసీ కమాండ్ స్టాండర్డ్‌కి పూర్తిగా కట్టుబడిన కంపైలర్ కాదు. ఆ సంగతి వాళ్లు దాచుకోలేదు. స్టాండర్డ్ కోరే డయాగ్నొస్టిక్‌లన్నీ కావాలంటే, ఏ స్టాండర్డో చెప్పే ఎస్‌టీడీ ఆప్షన్‌తో పాటు పెడాంటిక్ కూడా ఇవ్వమని మాన్యువల్‌లోనే రాశారు. ఈ మూడు లైన్లూ ఒకసారి చూశాక, మెసేజ్ ఎంత గట్టిగా వచ్చిందన్న దాన్ని బట్టి తప్పు ఎంత పెద్దదో కొలవడం నేను మానేశాను.

ఇన్నేళ్లు ఎందుకు ఉపేక్షించారంటే దానికో చరిత్ర ఉంది. 1989లో అమెరికాలో సీకి మొదటి స్టాండర్డ్ వచ్చేదాకా ప్రోటోటైపులు గానీ, వాయిడ్ * గానీ స్టాండర్డ్‌గా లేవు. ఏ రకం అడ్రస్ అయినా చార్ * లో పెట్టుకుని తిరిగేవారు. అలా రాసిన కోడ్ కుప్పలుగా ఉండేది, దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఎవరి పనీ సాగేది కాదు. అందుకని కంపైలర్లు వార్నింగ్‌తో సరిపెట్టాయి. ఆ సర్దుబాటు దశాబ్దాలు సాగింది. సీ99 అనే 1999 నాటి స్టాండర్డ్‌లో ఇంప్లిసిట్ ఫంక్షన్ డిక్లరేషన్‌ని (ముందు డిక్లేర్ చేయకుండానే ఫంక్షన్‌ని పిలవడాన్ని) భాషలోంచే తీసేసినా, కంపైలర్లు ఆ తర్వాత 20 ఏళ్లకు పైగా వార్నింగ్ ఇస్తూ ఒప్పుకున్నాయి. ముందుగా మారింది క్లాంగ్ అనే ఇంకో సీ కంపైలర్. 2022లో క్లాంగ్ 15 ఇంట్‌కీ పాయింటర్‌కీ మధ్య చెప్పకుండా జరిగే మార్పిడిని ఎర్రర్ చేసింది. 2023లో క్లాంగ్ 16 ఇంప్లిసిట్ డిక్లరేషన్‌నీ, కలవని ఫంక్షన్ పాయింటర్లనీ ఆ జాబితాలో చేర్చింది. 2024 మే నెలలో వచ్చిన జీసీసీ 14 వాటితో పాటు మామూలు డేటా పాయింటర్ల తేడాని కూడా ఎర్రర్ చేసింది. మీకు తగిలింది అదే.

ఇప్పుడు నా కథ.

కొన్నేళ్ల కిందట మేము ఫిషింగ్ హార్బర్ వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి ఉష్ణోగ్రత లాగర్ చేసి ఇచ్చాం. ఎగుమతికి వెళ్లే రొయ్యలు అందులో ఉంటాయి. లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి, మైనస్ 12 దాటి పైకొస్తే అలారం మోగాలి. పాత 32 బిట్ లైనక్స్ పెట్టె మీద నాలుగేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. దాన్ని 64 బిట్ పెట్టెకి మార్చే పని నాకు అప్పగించారు. మార్చి పెట్టిన మూడో రోజు రాత్రి ఒంటిగంట ముప్పావుకి అక్కడి సూపర్‌వైజర్ ఫోన్. "బాబూ, అలారం మోగుతోంది, తెర మీద సున్నా డిగ్రీలంటోంది, తలుపు తీసి చేతి థర్మామీటర్‌తో చూస్తే మైనస్ 18 చూపిస్తోంది" అన్నారు. ఆయన మాట్లాడుతుండగానే అలారం ఆగిపోయింది. మళ్లీ రెండు గంటలకి మోగింది. మళ్లీ నిమిషంలో ఆగింది. ఆ రాత్రి వాళ్లు పావుగంటకోసారి ఆ తలుపు తీసి చూశారు. తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వెచ్చటి గాలి పోతుందని తెలిసినా, లక్షల రూపాయల సరుకు కదా, చూడకుండా ఎలా ఉంటారు.

సెన్సర్ మార్చాం. వైర్లు మార్చాం. రెండు రోజులు హార్డ్‌వేర్ మీదే అనుమానం. అలారం సరిగ్గా పావుగంటకోసారి మోగుతోందని గమనించాకే నాకు కోడ్ మీద అనుమానం వచ్చింది. ప్రతి పావుగంటకీ మా ప్రోగ్రామ్ డిస్క్ మీద ఒక రికార్డు రాసి, ఇప్పటిదాకా ఎన్ని రికార్డులయ్యాయో ఒక లైబ్రరీ ఫంక్షన్‌ని అడుగుతుంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో ఉష్ణోగ్రత వేరియబుల్ మీద వాచ్‌పాయింట్ (విలువ మారగానే ప్రోగ్రామ్‌ని ఆపే గుర్తు) పెట్టి కూర్చున్నాను. పావుగంట గడిచింది, ప్రోగ్రామ్ ఆగింది. ఎక్కడ? ఆ రికార్డుల లెక్క చెప్పే ఫంక్షన్ లోపల. దానికీ ఉష్ణోగ్రతకీ ఏ సంబంధమూ లేదు!

మా స్ట్రక్చర్‌లో మొదటి సభ్యుడు రికార్డుల లెక్క, ఒక ఇంట్. దాని పక్కనే ఉష్ణోగ్రత, ఇంకో ఇంట్, పదో వంతు డిగ్రీల్లో. అంటే మైనస్ 18 డిగ్రీలని మైనస్ 180గా దాస్తాం. ఫంక్షన్ అడిగేది లాంగ్ *. నేను పంపింది ఇంట్ అడ్రస్, ముందు లాంగ్ * అనే క్యాస్ట్‌తో. 32 బిట్ లైనక్స్‌లో లాంగ్ 4 బైట్లు, ఇంట్ కూడా 4 బైట్లు, కాబట్టి నడిచిపోయింది. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ 8 బైట్లు. ఫంక్షన్‌కి వెళ్లే ముందు ఆ 8 బైట్లు మెమరీలో ఇలా ఉన్నాయి: 60 00 00 00, ఆ వెంటనే 4సీ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్. హెక్సాలో 60 అంటే 96 రికార్డులు, రెండో నాలుగు బైట్లు మైనస్ 180. ఫంక్షన్ తిరిగొచ్చాక: 61 00 00 00 00 00 00 00. లెక్క 97 అయింది, సరైనదే. లాంగ్ కాబట్టి పై నాలుగు బైట్ల సున్నాలు కూడా రాసింది, అవి పోయి పక్కనున్న ఉష్ణోగ్రత మీద పడ్డాయి. నిమిషానికోసారి సెన్సర్ కొత్త విలువ ఇస్తుంది కాబట్టి నిమిషంలో మళ్లీ మైనస్ 18 కనపడేది. ఆఫీసులో ఎందుకు దొరకలేదంటే, అక్కడ సెన్సర్ లేక ఎప్పుడూ సున్నా ఇచ్చే డమ్మీతో టెస్ట్ చేశాం. సున్నా మీద సున్నా పడితే ఎవరికి తెలుస్తుంది.

ఆ క్యాస్ట్ ఎవరు పెట్టారో చూద్దామని పాత మార్పుల చరిత్ర తిరగేశాను. "వార్నింగ్‌లు తీసేశాను" అన్న ఒక్క వాక్యంతో, నా పేరు మీదే ఉంది. 32 బిట్ రోజుల్లో కంపైలర్ నాకు చెప్పింది, ఇక్కడ లాంగ్ * కావాలి, నువ్విస్తున్నది ఇంట్ * అని. 64 బిట్‌కి మార్చిన రోజున ఆ మాట మళ్లీ చెప్పాల్సింది. నేను ముందే క్యాస్ట్ పెట్టి చెప్పే అవకాశం లేకుండా చేశాను. సరిచేయడానికి పట్టింది మూడు లైన్లు. ఒక లాంగ్ వేరియబుల్ పెట్టి, దాని అడ్రస్ ఫంక్షన్‌కి పంపి, వచ్చిన విలువ ఇంట్‌లో పడుతుందో లేదో చూసుకుని, అప్పుడు స్ట్రక్చర్‌లోకి వేసుకోవడం. అడ్రస్ సాన్ లాంటి, మెమరీ తప్పులు పట్టే సాధనం నడిపి ఉంటే దొరికేది కదా అని తర్వాత ఒకరన్నారు. దొరకదు. ఒకే స్ట్రక్చర్ లోపల ఒక సభ్యుడి మీంచి ఇంకో సభ్యుడి మీదకి పోయే రాతని అది మామూలుగా పట్టుకోదు. పట్టుకోగలిగింది ఆ వార్నింగ్ ఒక్కటే.

క్యాస్ట్ అంటే "ఈ మార్పిడి నేను కావాలనే చేస్తున్నాను, నువ్వు అడ్డు చెప్పకు" అని కంపైలర్‌కి మనం ఇచ్చే హామీ. క్యాస్ట్ పెట్టగానే కన్‌స్ట్రెయింట్ పోతుంది, కాబట్టి డయాగ్నొస్టిక్ ఇవ్వాల్సిన బాధ్యత కూడా కంపైలర్‌కి ఉండదు. మెమరీలో ఉన్నది మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది.

మరి క్యాస్ట్ చేసిన పాయింటర్‌తో ఏం చేయొచ్చని స్టాండర్డ్ అంటుంది? సీ17లో 6.3.2.3 విభాగం చాలా పొదుపుగా మాట్లాడుతుంది. ఏ ఆబ్జెక్ట్ పాయింటర్‌నైనా వాయిడ్ * చేసి, మళ్లీ అదే టైపుకి తెచ్చుకుంటే మొదటి పాయింటర్‌కి సమానంగానే ఉంటుంది. ఒక ఆబ్జెక్ట్ పాయింటర్‌ని ఇంకో రకం ఆబ్జెక్ట్ పాయింటర్‌గా మార్చి వెనక్కి తెచ్చినా అంతే, కాకపోతే ఆ కొత్త టైపుకి తగిన అలైన్‌మెంట్ (4 లాంటి సంఖ్యతో అడ్రస్ భాగించబడటం) ఆ అడ్రస్‌కి ఉండాలి. లేకపోతే మార్చడమే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఏం జరుగుతుందో స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వని పని), వాడేదాకా కూడా ఆగనక్కర్లేదు. క్యారెక్టర్ పాయింటర్‌గా మార్చి ఏ ఆబ్జెక్ట్ బైట్లనైనా ఒక్కొక్కటిగా చూడొచ్చు. ఫంక్షన్ పాయింటర్‌ని ఇంకో రకం ఫంక్షన్ పాయింటర్‌గా దాచుకుని, పిలిచే ముందు అసలు టైపుకి తెచ్చుకోవచ్చు. గమనించండి, ఆ క్యారెక్టర్ పాయింటర్ తప్ప, వీటిలో ఎక్కడా "మార్చిన టైపుతోనే చదువు, రాయి" అని లేదు. వెళ్లి రావడానికి హామీ ఉంది, అక్కడ దిగి పని చేసుకోవడానికి లేదు. మన కోడ్‌లో ప్రమాదకరమైన క్యాస్ట్‌లు చాలావరకు ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చినవే.

మీరు రాసిన మెసేజ్‌లను, మీ కోడ్‌ను బట్టి మీ దగ్గర నాలుగు రకాలు కనపడుతున్నాయి.

ఇంట్ నుంచి పాయింటర్ వస్తోందన్న ఎర్రర్లు మొదట చూడండి. వీటిలో ఎక్కువ భాగం హెడర్ (డిక్లరేషన్లు ఉండే ఫైల్) లేకపోవడం వల్లే. మీ మేక్‌ఫైల్‌లో సీ99 ఆప్షన్ ఉందన్నారు. అలా కచ్చితమైన స్టాండర్డ్ మోడ్‌లో స్ట్ర్‌డప్ లాంటి పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్) ఫంక్షన్‌కి హెడర్ పెట్టినా డిక్లరేషన్ కనపడదు, ఎందుకంటే అది అప్పటి సీ స్టాండర్డ్‌లోది కాదు, సీ23లో మాత్రమే చేరింది. డిక్లరేషన్ లేకపోతే పాత కంపైలర్ దాన్ని ఇంట్ ఇచ్చే ఫంక్షన్ అనుకుంటుంది. 64 బిట్‌లో 8 బైట్ల అడ్రస్‌లో కింది 4 బైట్లే మిగులుతాయి, ప్రోగ్రామ్ పడిపోతుంది. దీనికి చార్ * క్యాస్ట్ పెడితే పోయిన 4 బైట్లు తిరిగి రావు. పైగా వేరే సైజు ఇంటిజర్ నుంచి పాయింటర్ చేస్తున్నావని ఇంకో వార్నింగ్ వస్తుంది. సరైన పోసిక్స్ మాక్రో డిఫైన్ చేయండి, లేదా జీఎన్‌యూ17 మోడ్‌కి వెళ్లండి, చాలు. నిజంగానే అడ్రస్‌ని ఇంటిజర్‌లో దాచాల్సిన చోట యూఇంట్‌పీటీఆర్ టైపు వాడండి, లాంగ్‌ని నమ్ముకోకండి. 64 బిట్ విండోస్‌లో లాంగ్ ఇంకా 4 బైట్లే.

రెండోది చార్ ** ని కాన్స్ట్ చార్ ** కి పంపడం. దీని మీద మీరు కాస్త కోపంగా రాశారు, "నేను కాన్స్ట్ కలుపుతున్నాను, తీసేయట్లేదు కదా, దీనికెందుకు ఎర్రర్" అని. మొదటిసారి చూసిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఇలా ఆలోచించండి. ఒక ఫంక్షన్ కాన్స్ట్ చార్ ** తీసుకుంటుంది. దాని లోపల "విశాఖ" అని కాన్స్ట్ చార్ అర్రే ఒకటి ఉంది, ఆ అర్రే అడ్రస్‌ని మీరిచ్చిన చోట పెట్టి పంపుతుంది. ఫంక్షన్ వైపు నుంచి చూస్తే తప్పేమీ లేదు, కాన్స్ట్ చార్ * పట్టే చోట కాన్స్ట్ చార్ * పెట్టింది. కానీ మీ దగ్గరున్న అసలు వేరియబుల్ పి మామూలు చార్ *. మీరు దాని అడ్రస్ పంపారు. తిరిగొచ్చాక పి ఆ కాన్స్ట్ అర్రేని చూపిస్తోంది. ఇప్పుడు పి ద్వారా మొదటి అక్షరం మార్చేస్తే కాన్స్ట్ వస్తువు మీద రాసినట్టే. ఎక్కడా ఒక్క క్యాస్ట్ లేకుండా! ఆ కన్నం పూడ్చడానికే ఈ మార్పిడిని మొత్తంగా ఆపారు. స్టాండర్డ్‌లో అసైన్‌మెంట్ విభాగం కింద ఇదే సంగతికి ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు. సీ ప్లస్ ప్లస్‌లో మధ్యలో ఇంకో కాన్స్ట్ పెట్టి, కాన్స్ట్ చార్ *కాన్స్ట్ * అని రాస్తే ఒప్పుకుంటుంది, ఎందుకంటే అప్పుడు ఫంక్షన్ కొత్త అడ్రస్ పెట్టలేదు. సీలో ఆ వెసులుబాటు లేదు. సీలో నాకు నచ్చని చోట్లలో ఇదొకటి, భద్రమైన పనిని కూడా ఆపేస్తుంది. మీ కోడ్‌లో మాత్రం పరిష్కారం తేలిక. చాలా చోట్ల ఆ వేరియబుల్‌నే కాన్స్ట్ చార్ * అని డిక్లేర్ చేస్తే సరిపోతుంది. ఆ మార్పు పైపైకి పాకుతుంది, నాలుగైదు ఫంక్షన్ల ప్రోటోటైపులు మార్చాల్సి వస్తుంది, విసుగు పడకండి. ఎక్కడైనా "ఇక్కడ కాన్స్ట్ పెట్టలేను, నేను దీని మీద రాస్తున్నాను" అనిపించి ఆగారంటే, అక్కడే నిజమైన బగ్ దొరికింది.

మూడోది కాల్‌బ్యాక్‌లు, అంటే ఇంకో ఫంక్షన్ పిలవడానికి మనం అందించే ఫంక్షన్లు. క్యూసార్ట్ అనే సార్ట్ చేసే లైబ్రరీ ఫంక్షన్‌కి ఇచ్చే పోలిక ఫంక్షన్ రెండు కాన్స్ట్ వాయిడ్ * తీసుకోవాలి. మీ పాత కోడ్‌లో స్ట్రక్చర్ పాయింటర్లు తీసుకునే ఫంక్షన్ రాసి, పిలిచే చోట క్యాస్ట్ చేశారు. వేరే టైపు ద్వారా ఫంక్షన్‌ని పిలవడం అన్‌డిఫైన్డ్ బిహేవియర్. మీ పీసీ మీద నడుస్తుంది, నడవాలన్న రూలేమీ లేదు. ఫంక్షన్‌నే కాన్స్ట్ వాయిడ్ * తో రాసి, లోపల మొదటి రెండు లైన్లలో సొంత టైపు పాయింటర్లలోకి వేసుకోండి. సీలో దానికి క్యాస్ట్ కూడా అక్కర్లేదు. ఇంకొకటి, స్ట్రింగ్ పాయింటర్ల అర్రేని సార్ట్ చేయడానికి, స్ట్రింగ్‌లు పోల్చే స్ట్ర్‌కంప్‌ని క్యాస్ట్ చేసి నేరుగా ఇస్తుంటారు. అది అన్‌డిఫైన్డ్ మాత్రమే కాదు, లెక్కే తప్పు. అక్కడ వచ్చేది అర్రేలోని గదుల అడ్రస్, అంటే చార్ **. స్ట్ర్‌కంప్ ఆ అడ్రస్‌ల బైట్లనే అక్షరాలనుకుని పోలుస్తుంది.

కాల్‌బ్యాక్‌ల దగ్గరే ఇంకో మాట. ఇప్పుడు జీసీసీ 14 దాటి, తర్వాత మేక్‌ఫైల్‌లో ఆ సీ99 ఆప్షన్ తీసేసి జీసీసీ 15కి వెళ్తే మళ్లీ ఒక విడత ఎర్రర్లు వస్తాయి. 2025లో వచ్చిన ఆ వెర్షన్ ఏ ఆప్షనూ ఇవ్వకపోతే సీ23 మీద నడుస్తుంది. సీ23లో ఖాళీ బ్రాకెట్లకి "ఆర్గ్యుమెంట్లు ఏవైనా కావొచ్చు" అన్న పాత అర్థం పోయింది, "ఆర్గ్యుమెంట్లు లేవు" అన్న అర్థం వచ్చింది. ఖాళీ బ్రాకెట్లతో ఉన్న ఫంక్షన్ పాయింటర్ టేబుల్ మీ దగ్గర ఉందన్నారు కాబట్టి, ఎలాగూ ఆ ఫైల్ తెరుస్తున్నారు, ఇప్పుడే పూర్తి ప్రోటోటైపులు రాసేయండి.

నాలుగో రకానికి జీసీసీ మామూలుగా ఏమీ అనదు, ఎందుకంటే పాత రచయిత క్యాస్ట్ ముందే పెట్టేశారు. సీరియల్ పోర్ట్ నుంచి వచ్చిన బైట్ల బఫర్‌లో మూడో బైట్ నుంచి ఇంట్ * అని క్యాస్ట్ చేసి విలువ చదువుతున్నారు చూడండి, అది. మీ కోడ్‌లో నాకు ఎక్కువ భయం వేసింది దీన్ని చూసే. ఒకటి, అలైన్‌మెంట్ లేదు. ఇంటెల్ ప్రాసెసర్ సర్దుకుంటుంది. అదే కోడ్‌ని కార్టెక్స్ ఎం0 లాంటి చిన్న చిప్ మీద పెడితే హార్డ్ ఫాల్ట్‌తో ఆగిపోతుంది, ఎందుకంటే దానికి అలైన్ కాని 4 బైట్ల రీడ్ చేతకాదు. రెండు, క్యారెక్టర్ అర్రేని ఇంట్‌గా చదవడం అలియాసింగ్ నియమానికి (ఒక టైపు వస్తువుని వేరే టైపుగా చదవకూడదన్నది) విరుద్ధం. ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఆప్షన్ పెట్టగానే జీసీసీ ఆ నియమాన్ని నమ్మి ఆప్టిమైజ్ చేస్తుంది. లైనక్స్ కెర్నల్‌లో ఇలాగే చేస్తారని కొందరంటారు. కెర్నల్ వాళ్లు స్ట్రిక్ట్ అలియాసింగ్‌ని ఆప్షన్‌తో ఆపేసి బిల్డ్ చేస్తారు, అది తెలియకుండా వాళ్ల అలవాటు మనం తెచ్చుకోకూడదు. మెమ్‌కాపీతో 4 బైట్లు ఒక ఇంట్‌లోకి తెచ్చుకోండి. స్లో అవుతుందన్న బెంగ వద్దు, ఆప్టిమైజేషన్ పెడితే ఇంటెల్ మీద అది ఒకే ఒక్క లోడ్ ఇన్‌స్ట్రక్షన్‌గా మారిపోతుంది, అసెంబ్లీ తీసి చూసుకోండి. అవతలి పరికరం బైట్ ఆర్డర్ వేరైతే షిఫ్ట్‌లతో బైట్ బైట్ కలుపుకోవడం ఇంకా మేలు.

అన్‌సైన్డ్ చార్ *, చార్ * గొడవ చిన్నది. ఒకే సైజు, ఒకే అలైన్‌మెంట్, రెండూ క్యారెక్టర్ టైపులే, చదవడానికి నియమం అడ్డు రాదు. క్యాస్ట్ పెట్టినా నేనేమీ అనను. నడుస్తుండగా లైబ్రరీలో ఫంక్షన్‌ని వెతికే డీఎల్‌సిమ్ ఇచ్చే వాయిడ్ * ని ఫంక్షన్ పాయింటర్ చేయడం కూడా అంతే. సీ స్టాండర్డ్ ఒప్పుకోదు, పోసిక్స్ ఒప్పుకుంటుంది, మీరున్నది లైనక్స్ మీద. సాకెట్ అడ్రస్ స్ట్రక్చర్ల క్యాస్ట్ ఆ ఏపీఐ తోనే పుట్టింది, దాన్నీ వదిలేయండి.

పని ఎలా మొదలుపెట్టాలంటే, ఎఫ్-పర్మిసివ్ మొత్తం ప్రాజెక్టుకి కాకుండా ఎర్రర్లు వచ్చే ఫైళ్లకి మాత్రమే మేక్‌ఫైల్‌లో ఇవ్వండి. పక్కన కామెంట్‌లో తేదీ, మీ పేరు రాయండి. ఒక్కో ఫైల్ సరిచేసినప్పుడల్లా ఆ ఆప్షన్ తీసేయండి. సరిచేసిన ఫైళ్లకి డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా, పెడాంటిక్ ఇవ్వండి. పాత క్యాస్ట్‌లను వెతకడానికి డబ్ల్యూ-క్యాస్ట్-క్వాల్ కాన్స్ట్ తీసేసిన చోట్లు చూపిస్తుంది. అలైన్‌మెంట్ కోసం డబ్ల్యూ-క్యాస్ట్-అలైన్ ఇస్తే ఇంటెల్ మీద మౌనంగా ఉంటుంది, దాని పక్కన ఈక్వల్ టు స్ట్రిక్ట్ అని చేర్చండి, అప్పుడు చెప్తుంది. టెస్ట్ బిల్డ్‌లో అన్‌డిఫైన్డ్ సానిటైజర్ పెట్టి ఒక పూట నడపండి, అలైన్ కాని రీడ్‌లు నడుస్తుండగానే లైన్ నంబర్‌తో సహా బయటపడతాయి.

లీడ్ గారికి చెప్పేటప్పుడు స్టాండర్డ్ సెక్షన్ నంబర్లతో మొదలుపెట్టకండి. ఆ 40 మెసేజ్‌లలో ఒకటి తీసుకుని, ఆ రెండు టైపుల సైజులు ప్రింట్ చేసి, 4 కావాల్సిన చోట 8 రాస్తోందని చూపించండి. మా దగ్గర ఆ 61 పక్కనున్న ఏడు సున్నాలు చూశాక ఎవరూ వాదించలేదు.

ముందుగా లాంగ్ * గానీ, సైజ్-టీ * గానీ అడిగే ఫంక్షన్లకి ఇంట్ అడ్రస్ వెళ్తున్న చోట్లు తీయండి, 64 బిట్‌లో పక్క వేరియబుల్‌ని తుడిచేవి అవే. కంపైలర్ నోట్‌లో "ఎక్స్‌పెక్టెడ్" అని ఒక టైపు, "ఆర్గ్యుమెంట్" అని ఇంకో టైపు ఉంటాయి. అర్థం కానివి ఏమైనా ఉంటే ఆ రెండూ కనపడేలా పూర్తి మెసేజ్, ఆ వేరియబుల్ డిక్లరేషన్ లైన్ కలిపి పెట్టండి. రాత్రి కూర్చుని చూస్తాను.